ముందే టిక్కు పెట్టిన గడి

వీసాక్క కుర్చీలో కుదురుగా కూర్చోవడం ఆ విశ్వవిద్యాలయంలో ఎవరూ చూడలేదు. ఫైలు చదివితే నిలబడి చదువుతుంది. ఫోనొస్తే గది ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూ మాట్లాడుతుంది. తప్పనిసరై కూర్చుంటే కుడికాలు ఊగడం మొదలుపెడుతుంది, దానితోపాటు బల్ల మీది పెన్నుల డబ్బా గలగలలాడుతుంది. ఇంట్లో అత్తగారు దీనికి ఎప్పుడో పేరు పెట్టేసింది, కాలుగాలిన పిల్లి అని. "మా కోడలు మంచిదే, కాకపోతే ఎక్కడా నిలవదు" అని ఆవిడ పక్కింటివాళ్లతో చెప్పేటప్పుడు అందులో నింద కంటే మురిపెమే ఎక్కువ వినిపిస్తుంది.

ఆమె గది రెండో అంతస్తులో, లిఫ్టు పక్కన. తలుపు మీద 'విదేశీ విద్వాంసుల విభాగం' అని బోర్డు. విభాగమంటే ఏదో అనుకునేరు. లోపల ఉన్నవి రెండు బల్లలు, నాలుగు ఇనుప బీరువాలు, ఒక జిరాక్సు మిషను, వీసాక్క. రెండో బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన రిటైరై పద్నాలుగేళ్లయింది. ఆయన స్థానంలో ఇంకొకరిని వేస్తామని పైవాళ్లు అప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. ఆ బల్ల మీద ఇప్పుడు ఒక ఎండిన మొక్కా, పాత క్యాలెండర్లూ ఉన్నాయి.

పని వినడానికి చిన్నదే. విశ్వవిద్యాలయం పాఠం చెప్పడానికో పరిశోధనకో పరాయి దేశం నుంచి ఎవరినైనా పిలిస్తే, వాళ్లు ఏ వీసా మీద రావాలో తేల్చి కాగితాలు నడిపించాలి. దారులు రెండు. మూడోది కూడా ఒకటుంది, పేపర్లో ఫొటోలు పడ్డ మహామహుల కోసం, దాని జోలికి ఆమె పాతికేళ్లలో నాలుగుసార్లు కూడా పోలేదు. మొదటి దారి అతిథి వీసా. మూడు వారాల్లో చేతికొస్తుంది. కానీ రెండేళ్లు కాగానే సొంత దేశం వెళ్లిపోయి, అక్కడ మళ్లీ రెండేళ్లు ఉంటేనే గానీ తిరిగి ఇక్కడ ఉద్యోగం చేయనివ్వరు. పైగా బయల్దేరే ముందు వీసా కౌంటరు దగ్గర నిలబడి 'ఇక్కడ స్థిరపడే ఉద్దేశం నాకు లేదు' అని ప్రమాణం చేయాలి. రెండో దారి ఉద్యోగ వీసా. దానికి ఐదు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఆరు. వచ్చిందంటే మాత్రం పొడిగించుకోవచ్చు, పర్మనెంటు పోస్టులో చేరవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు.

ఏ దారో తేల్చేది విశ్వవిద్యాలయమే. వచ్చేవాళ్లను అడగరు. వాళ్లకు ఒక కవరు వెళుతుంది, అందులో ఒకే ఒక ఫారం ఉంటుంది, ఇంకొకటి కూడా ఉంటుందన్న సంగతే వాళ్లకు తెలియదు. పోయేది ఎవరి జీవితమో వాళ్లను తప్ప అందరినీ సంప్రదించే పద్ధతి ఇది. దీన్ని ఎవరు కనిపెట్టారో గానీ, మార్చాలని ఎవరికీ తోచలేదు.

వీసాక్క ఇందులోకి వచ్చింది ముప్పై ఒకటో ఏట. అంతకు ముందు లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసేది. చేరిన మొదటి వారం పెద్దాయన ఆమెను జిరాక్సు మిషను దగ్గరకు తీసుకెళ్లి, అతిథి వీసా ఫారంలో నాలుగో పేజీ చూపించాడు. అడుగున ఒక గడి. 'షరతులన్నీ అభ్యర్థికి వివరించడమైనది' అని దాని పక్కన రాసి ఉంది.

"ఈ గడికి ముందే టిక్కు పెట్టి, వంద కాపీలు తీసి ఉంచుకో అమ్మా. ప్రతిసారీ పెట్టే పని తప్పుతుంది" అన్నాడు.

"మరి వివరించొద్దా సార్?"

"ఎవరికి? వాళ్లు ఎక్కడో సముద్రాల అవతల ఉంటారు. వచ్చాక వాళ్లే తెలుసుకుంటారులే."

పెద్దాయన చెడ్డవాడేమీ కాదు. పొద్దున్నే వచ్చి మొక్కకు నీళ్లు పోసేవాడు, ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాడు. ఆయనకు నేర్పినవాళ్లు అలా నేర్పారు, ఆయన ఈమెకు అలాగే నేర్పాడు. ఆ టిక్కు పాతికేళ్లుగా కాపీ మీద కాపీగా పాకుతూ వచ్చింది. ఇప్పుడది కాస్త మసకబారింది, అంతే.

పెళ్లి కూడా ఆ రెండో అంతస్తే చేసింది. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒక మధ్యాహ్నం లిఫ్టు ఆమెతో సహా మధ్యలో ఆగిపోయింది. వేరెవరైనా అయితే గంట నొక్కి ఊరుకునేవాళ్లు. ఈమె బోర్డు మీదున్న బటన్లన్నీ వరసగా నొక్కింది, పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి. నలభై నిమిషాల తర్వాత లిఫ్టు మెకానిక్కు తలుపు సందులోంచి తొంగిచూసి, "ఏమండీ, అన్ని బటన్లూ ఒకేసారి నొక్కితే అది పాపం ఏ ఫ్లోరుకని పోతుంది?" అన్నాడు. ఎనిమిది నెలలకు ఆయన్నే చేసుకుంది. ఆయనది ఎప్పుడూ నిమ్మకు నీరెత్తిన వాలకం. ఇంటికి ఇద్దరిలో ఒకరైనా అలా ఉండాలి కాబట్టి సరిపోయింది.

ఇక అసలు కథలోకి వస్తాను. ఆ మంగళవారం పొద్దున ఆమె బల్ల మీదికి చెదల డాక్టరు ఫైలు వచ్చింది.

చెదల డాక్టరంటే చెదపురుగుల మీద ఇరవయ్యేళ్లుగా పరిశోధన చేస్తున్న ఒక విదేశీ శాస్త్రవేత్త. ఆమెకు భర్త లేడు, పదిహేడేళ్ల కూతురుంది. జీవశాస్త్రం విభాగం ఆమెను రమ్మంది. "నా బీరువాల్లోని ఫైళ్లు చూస్తే ఈవిడ పండగ చేసుకుంటుంది" అని వీసాక్క మొదట నవ్వుకుంది కూడా. ఫైలు రెండో పేజీ తిప్పేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. కూతురికి మూడు నెలల్లో పద్దెనిమిది నిండుతాయి.

పద్దెనిమిది నిండిన పిల్లలు తల్లి వీసా మీద రాలేరు. నిండకముందే దిగినవాళ్లు మాత్రం తల్లి ఉన్నన్నాళ్లూ ఉండొచ్చు. అతిథి వీసాకైతే మూడు వారాలే, తల్లీకూతుళ్లిద్దరూ హాయిగా దిగుతారు. ఉద్యోగ వీసాకైతే చేతికొచ్చే నాటికి కూతురికి వయసు దాటిపోతుంది, తల్లి ఒక్కతే రావాలి. కానీ అతిథి వీసా మీద వస్తే రెండేళ్ల తర్వాత మూటాముల్లె సర్దుకోవాల్సిందే. ఫైలు చివర జీవశాస్త్రం ప్రొఫెసరు ఆమెకు రాసిన ఉత్తరం కాపీ ఉంది. అందులో ఒక వాక్యం కింద ఎవరో గీత గీశారు: రెండేళ్లలో మీకు పర్మనెంటు పోస్టు ఖాయం.

ఒక చేత్తో ఆశ చూపించి ఇంకో చేత్తో తలుపు మూయడమంటే ఇదే. వీసాక్క లేచి కిటికీ దాకా వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది.

జీవశాస్త్రం ప్రొఫెసరుకు క్యాంపస్‌లో ఇప్పుడేగారు అని పేరు. ఏది అడిగినా ఇప్పుడే కావాలంటాడు. మధ్యాహ్నం ఆయనే స్వయంగా వచ్చాడు.

"శుక్రవారంలోగా అతిథి వీసా ఫారం పోవాలమ్మా. టర్ము మొదలయ్యేలోగా ఆవిడ ఇక్కడుండాలి."

"సార్, మీరు పర్మనెంటు పోస్టని రాశారు. అతిథి వీసా మీద వస్తే అది కుదరదు కదా. రెండేళ్లు వెనక్కి వెళ్లి కూర్చోవాలి."

ఇప్పుడేగారు పెద్దాయన బల్ల మీది ఎండిన ఆకొకటి తుంచి చూశాడు. "తెలుసు. అప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

"ఆవిడకి తెలుసా సార్?"

"చెప్పొద్దనట్లేదు నేను. వచ్చాక చెబుదామంటున్నా. ఇంకో యూనివర్సిటీ కూడా ఆవిడ వెంట పడుతోంది. ఈ రూలు చెవిన పడిందంటే అటు పోతుంది. మీరెప్పుడూ చేసే పనే కదా, కొత్తగా చేయమనట్లేదు."

ఆ చివరి మాట నిజం కావడమే ఆమెకు ఒంటికి కారం రాసినట్లయింది. ఆయన వెళ్లిపోయాక జిరాక్సుల దొంతర లోంచి ఒక అతిథి ఫారం తీసి బల్ల మీద పెట్టింది. కాసేపటికి బీరువా తెరిచి ఉద్యోగ వీసా ఫారం కూడా తీసి దాని పక్కన పెట్టింది. రెండింటి వంకా మార్చి మార్చి చూసింది. రెండూ పంపేస్తే? అతిథి వీసా మీద తల్లీకూతుళ్లు ముందు దిగుతారు, వెనకాల ఉద్యోగ వీసా దాని తీరుగా అది వస్తుంది. అంతా సర్దుకుపోతుంది. చేయి పెన్ను దాకా వెళ్లింది కూడా.

వెంటనే పాము మీద పడినట్లు చేయి వెనక్కి లాక్కుంది. ఎందుకంటే ఆ పని ఆమె ఒకసారి చేసింది.

పదకొండేళ్ల కిందటి మాట. పెద్దాయన వెళ్లిపోయాడు, గదిలో ఒక్కతే. లెక్కలు చెప్పడానికి ఒకాయన్ని పిలిచారు. లెక్కలాయన తన మొదటి ఉత్తరంలోనే, 'మా ఆవిడ రెండేళ్లకు మాత్రమే ఒప్పుకుంది, ఇంకొక్క రోజు ఎక్కువైనా రానంటోంది, చూసి చేయండి' అని సరదాగా రాశాడు. ఇక్కడి విభాగం వాళ్లు మాత్రం ఆయన్ని ఎలాగైనా నిలుపుకోవాలని పట్టుబట్టారు. ఆయన రెండేళ్లే అంటాడు, వీళ్లు ఎక్కువ కాలం కావాలంటారు. ఎటూ తేల్చుకోలేక, కాలు ఒకచోట నిలవక, వీసాక్క లిఫ్టులో చేసిన పనే చేసింది. అతిథి వీసాకూ పెట్టింది, ఆయన పేరు మీదే ఉద్యోగ వీసాకూ పెట్టింది. ఏది ముందొస్తే అది. రెండో దాని సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పే అలవాటు ఆ గదికి లేదు.

లెక్కలాయన భార్యను వెంటబెట్టుకుని తన దేశంలో కౌంటరు దగ్గరకు వెళ్లాడు. 'అక్కడ స్థిరపడే ఉద్దేశం నాకు లేదు' అని ప్రమాణం చేశాడు. అద్దం వెనకాల ఆఫీసరు ఇంకో కాగితం తీసి, మరి ఇదేమిటి అన్నాడు. శాశ్వత ఉద్యోగం కోసం ఆయన పేరు మీద పెట్టిన దరఖాస్తు. అబద్ధ ప్రమాణమని రాసి వీసా నిరాకరించారు. ఆ ముద్ర ఒకసారి పడిందంటే ఏ దేశం కౌంటరు దగ్గరికెళ్లినా ముందు అదే కనిపిస్తుంది.

ఆ సాయంత్రం ఆయన దగ్గర్నుంచి ఒక చిన్న మెయిలు వచ్చింది. 'నా పేరు మీద ఇంకో దరఖాస్తు ఉందట. నేను పెట్టలేదు. మీకేమైనా తెలుసా?'

వీసాక్క మూడు రోజులు దాన్ని తెరవడం, మూయడం. నాలుగో రోజు జవాబు రాసింది. 'మా పరిధిలో లేని కారణాల వల్ల మీ నియామకం రద్దయినందుకు చింతిస్తున్నాము.' లెక్కలాయన మళ్లీ రాయలేదు. ఈ సంగతి ఆమె పైవాళ్లకు చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు, అత్తగారికి చెప్పలేదు. ఆ ఫైలు మూడో బీరువాలో అడుగు అరలో ఉంది. ఆ అర తెరవాల్సి వస్తే ఇప్పటికీ మొహం పక్కకు తిప్పుకుని తెరుస్తుంది.

బుధవారం పొద్దున ఇంట్లో కాఫీ రెండుసార్లు పొంగించింది. అత్తగారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఏమిటే, ఇవాళ పిల్లికి నాలుగు కాళ్లూ కాలినట్టున్నాయి" అంది. మొగుడు వరండాలో కూర్చుని టార్చిలైటు విప్పి, ముక్కలు ఒక వరసలో పేర్చుకుంటున్నాడు.

"ఆఫీసులో ఏమైనా తేలట్లేదా?" అన్నాడు తలెత్తకుండానే.

"తేలట్లేదు."

"మళ్లీ అన్ని బటన్లూ నొక్కాలనుందా?"

ఆయన ఎప్పుడూ వేసే జోకే. ఆ రోజు మాత్రం ఆమె నవ్వలేదు. చెప్పులేసుకుని అరగంట ముందే బయల్దేరింది. బస్సు కోసం నిలబడలేక రెండు స్టాపులు నడిచింది.

ఆఫీసులో తలుపు మూసి, చెదల డాక్టరుకు ఫోను చేసింది. పాతికేళ్ల ఉద్యోగంలో వీసా సంగతి చెప్పడానికి ఎవరికైనా ఫోను చేయడం అదే మొదలు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియలేదు.

"మేడమ్, నేను వీసా కాగితాలు చూసేదాన్ని."

"అయ్యో, మీ ఫోను కోసమే చూస్తున్నానండీ" అంది అవతలి గొంతు. నవ్వుతున్న గొంతు. "ఇల్లంతా డబ్బాల్లో సర్దేశాం. మా అమ్మాయి గోడ మీద బొమ్మలు కూడా పీకేసింది. ఎప్పుడు బయల్దేరమంటారు?"

వీసాక్క నాలుగడుగులు వేసింది. తర్వాత ఆగకుండా చెప్పేసింది. దారులు రెండని, ఒకదాంట్లో కూతురు వస్తుందిగానీ పర్మనెంటు పోస్టు పోతుందని, ఇంకోదాంట్లో పోస్టు వస్తుందిగానీ కూతురు రాలేదని. రెండేళ్ల సంగతి, మళ్లీ రెండేళ్ల సంగతి. ఇప్పుడేగారి పేరెత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు.

అవతల నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "మాకు పర్మనెంటు అని ఉత్తరం రాశారు" అంది చెదల డాక్టరు.

"రాశారండీ. చూశాను."

"ఇది నాకు ఎవరూ చెప్పలేదు."

"ఎవరికీ చెప్పం మేడమ్. అదే ఇక్కడి పద్ధతి."

చెదల డాక్టరు నెమ్మదిగా అడిగింది. "రెండింటికీ పెడితే? ముందు అతిథి వీసా మీద వచ్చేస్తాం. ఉద్యోగ వీసా వెనకాల వస్తుంది. కుదరదా?"

వీసాక్క నడక ఆగింది. తన మాటలే ఎవరో తనకు తిప్పి చెప్పినట్లుంది.

"కుదరదు. స్థిరపడే ఉద్దేశం లేదని ప్రమాణం చేయిస్తారు. రెండో కాగితం వాళ్ల చేతిలో ఉంటే మీరు అబద్ధమాడినట్టు రాసేస్తారు. అది జన్మలో పోదు."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు? కొంతమందికి కుదిరిందని విన్నానే."

ఇక్కడ 'రూల్సులో ఉందండీ' అనేస్తే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా.

"ఒకసారి నేనే అలా పెట్టాను" అంది వీసాక్క. "ఒకాయనకి. ఆయనకి తెలీకుండా. ఆయన నిజమే చెప్పాడు, వాళ్లు అబద్ధమన్నారు."

"తర్వాత ఆయనకి చెప్పారా, మీరు పెట్టారని?"

"ఆయన అడిగాడు. చెప్పలేదు."

"ఎన్నాళ్లయింది?"

"పదకొండేళ్లు."

చెదల డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే వీసాక్కకు తేలికయ్యేది. "చూడండి" అంది, "మీరు చెప్పేదాని మీద మా అమ్మాయి సంగతీ నా సంగతీ తేలాలి. మీ మాట నమ్మాలా వద్దా అన్నది నాకు ముఖ్యం. ముందు ఆయనకి రాయండి. రాశాక నాకు ఫోను చేయండి. అప్పుడు మీరేం చెప్పినా నమ్ముతాను."

ఫోను పెట్టేశాక వీసాక్కకు ఒళ్లు మండింది. ఎవరో పరాయిదేశపు మనిషి, ఇంకా గడప కూడా తొక్కలేదు, నాకు పని చెబుతుందా అనుకుంది. రిటైరు కావడానికి రెండేళ్లుంది. ఇప్పుడు ఇది కాగితం మీద పెడితే, అది రేపు పైవాళ్ల చేతుల్లో పడితే, చివరి రోజున శాలువా కప్పాల్సినవాళ్లు నోటీసు ఇస్తారు. ఊరుకుంటే ఎవరికీ ఏమీ కాదు. లెక్కలాయన ఈపాటికి మరచిపోయి కూడా ఉంటాడు. ఇలా గదిలో నలభైసార్లు అటూ ఇటూ తిరిగి, నలభైసార్లూ తనకు తానే సర్దిచెప్పుకుంది. నలభై ఒకటోసారి మూడో బీరువా అడుగు అర తెరిచింది.

మొహం తిప్పుకోలేదు. ఫైల్లో పైన ఆ చిన్న మెయిలు కాపీ ఉంది. 'మీకేమైనా తెలుసా?'

ఆ సాయంత్రం ఇంట్లో కంచాల ముందు కూర్చున్నప్పుడు మొదటిసారి నోరు విప్పింది. అంతా చెప్పింది. మొగుడు తినడం ఆపి విన్నాడు. ఆయన తినడం ఆపాడంటే అది పెద్ద సంగతే.

"అయితే ఇన్నాళ్లూ నీ కాలిని ఊపుతున్నది ఇదా?" అన్నాడు చివరికి.

"ఉద్యోగం పోతే?"

"పోతే ఇంట్లో తిరుగు. ఇక్కడా చోటుంది."

అత్తగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "అడిగినవాడికి బదులివ్వకపోవడం ఏమిటే? మా ఇంట్లో అలా నేర్చుకున్నావా నువ్వు?" అంది. ఆ ఒక్క మాటే కోడలికి రెండు చెంపలూ వాయించినట్లు తగిలింది.

గురువారం పొద్దున ఆఫీసుకు వెళ్లి, కంప్యూటరు జోలికి పోకుండా, తెల్ల కాగితం తీసుకుని చేత్తో రాసింది. నాలుగుసార్లు రాసి చింపింది. ఆ నాలుగింట్లోనూ 'పని ఒత్తిడి వల్ల', 'అప్పటి పరిస్థితుల్లో' అనే మాటలు ఎక్కడో ఒకచోట దూరాయి. ఐదోసారి రాసింది చిన్నది.

'అయ్యా, మీ పేరు మీద రెండో దరఖాస్తు పెట్టింది నేను. మిమ్మల్ని అడగలేదు, చెప్పలేదు. మీరు కౌంటరు దగ్గర చెప్పింది నిజం. మీరు నన్ను అడిగినప్పుడు నాకు తెలిసీ తెలియనట్లు రాశాను. తప్పు నాది. ఈ ఉత్తరాన్ని మీరు ఎక్కడైనా, ఎవరికైనా చూపించుకోవచ్చు.' కింద పూర్తి సంతకం, హోదా, తేదీ, ఆఫీసు ముద్ర.

దాన్ని క్యాంపస్ మెయిలు డబ్బాలో వేయలేదు. బయటి పోస్టాఫీసుకు నడిచి వెళ్లి, లైన్లో నిలబడి, కవరు గుమాస్తా చేతికిచ్చింది. ఇచ్చాక కూడా గుమాస్తా దాన్ని సంచిలో పడేసేదాకా అక్కడే నిలబడింది. "ఇంకేమైనా కావాలామ్మా?" అని అతనే అడిగాడు. ఏమీ వద్దంది.

తిరిగొచ్చి ఫోను చేసింది. "రాశానండీ. పోస్టు చేసి వస్తున్నా. రసీదు పంపమంటారా?"

"అక్కర్లేదు" అంది చెదల డాక్టరు. "ఇప్పుడు మొదటి నుంచి చెప్పండి. మా అమ్మాయి కూడా వింటుంది."

వీసాక్క మొదటి నుంచి చెప్పింది. కూతురు తల్లి కంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది. రెండేళ్లయ్యాక తాను ఒక్కతే చదువుకోవడానికి ఉండిపోవచ్చా, అమ్మ మళ్లీ రావాలంటే పోస్టు ఆగుతుందా, ఆగదా. తెలిసినవాటికి తెలుసంది, తెలియనివాటికి తెలియదంది, రూల్సు పుస్తకం ఫోను పక్కన తెరిచి పెట్టుకుని పేజీ పేజీ చదివి వినిపించింది. గంటా పది నిమిషాలు పట్టింది. ఒక్క ఫారం మీద పెట్టే టైము కాదది. పాతికేళ్లుగా ఎంత టైము కలిసొచ్చిందని మురిసిపోయారో, అది ఎవరి దగ్గర్నుంచి కలిసొచ్చిందో అప్పుడర్థమైంది.

శుక్రవారం పదింటికి చెదల డాక్టరే ఫోను చేసింది. "అతిథి వీసా పెట్టేయండి."

"మేడమ్, ఆ పోస్టు..."

"పోతే పోయింది. నిన్నంతా కూర్చుని మాట్లాడుకున్నాం. ఇరవయ్యేళ్లొస్తే మా అమ్మాయి ఎలాగూ తన దారిన తను పోతుంది. ఒకే ఇంట్లో ఉండేది ఇంక ఈ రెండేళ్లే. దాన్ని వదులుకుని వచ్చి నేను చెదపురుగులతో ఏం మాట్లాడను?" కొంచెం ఆగి, "రెండేళ్లకే వస్తున్నానని మీ ప్రొఫెసరుగారికి నేనే రాస్తాను. మీ మీదికి రానివ్వను" అంది.

వీసాక్క జిరాక్సుల దొంతర వంక చూసింది. పైదాన్ని తీసింది. నాలుగో పేజీలో ఆ మసక టిక్కు ఎప్పటిలాగే ఉంది. దాన్ని పక్కన పెట్టి, టిక్కు లేని అసలు ఫారం బీరువా వెనకాల ఎక్కడో ఉందని గుర్తొచ్చి, దుమ్ము దులిపి ఒకటి పట్టుకొచ్చింది. మొత్తం నింపి, చివరి గడి దగ్గర ఆగింది. పెన్ను కాగితానికి ఆనించి ఒక్కసారే టిక్కు పెట్టింది. గట్టిగా నొక్కిందేమో, వెనక పేజీలోకి కూడా దిగింది. మిగిలిన జిరాక్సులన్నీ చించి చెత్తబుట్టలో వేస్తే బుట్ట నిండిపోయింది.

పన్నెండింటికి ఇప్పుడేగారు ఒంటికాలి మీద లేచి వచ్చాడు. చెదల డాక్టరు మెయిలు ఆయనకు చేరింది.

"చెప్పేశారన్నమాట."

"చెప్పాను సార్."

"ఆవిడ అటు పోయుంటే?"

"పోలేదుగా సార్. మీరడిగిన వీసాయే, మీరడిగిన రోజే పోతోంది."

గెలిచినవాడు పెట్టాల్సిన మొహం కాదు ఆయనది. "మరి ఆ పర్మనెంటు పోస్టుకి నేనెవర్ని తేవాలి?"

"ఇప్పుడే వెతకడం మొదలుపెట్టండి సార్" అంది వీసాక్క. వెక్కిరించాలని అనలేదు. నోట్లోంచి అలా వచ్చేసింది.

మూడు వారాలకు తల్లీకూతుళ్లు దిగారు. ఆ మూడు వారాలూ వీసాక్కకు మాత్రం కాలు నిలవలేదు. రోజూ పోస్టు డబ్బా దగ్గరకు రెండుసార్లు వెళ్లేది. పైనుంచి పిలుపు వస్తుందేమోనని ఫోను నాలుగుసార్లు మోగేదాకా ఎత్తేది కాదు. రాసి తప్పు చేశానేమోనని ఒక పూట, ఇంత ఆలస్యంగా రాసి తప్పు చేశానేమోనని ఇంకో పూట. జవాబు రాకపోతే అదే సరైన జవాబని తనకు తాను చెప్పుకుంటూ, మళ్లీ డబ్బా దగ్గరకు వెళ్లేది.

ఐదో వారంలో ఒక కవరు వచ్చింది. మీద చేత్తో రాసిన అంకెలు, ముత్యాల్లా గుండ్రంగా. విప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది, చింపడానికి చేయి రాక.

'అమ్మా, మీ ఉత్తరం అందింది. ఆ రోజు కౌంటరు దగ్గర మా ఆవిడ నా పక్కనే ఉంది. రెండో కాగితం చూసి, నేను తనకు చెప్పకుండా అక్కడే ఉండిపోవాలని పథకం వేశానని అనుకుంది. కాదన్నాను. నమ్మలేదు. గట్టిగా పోట్లాడలేదు కూడా, ఇక ఆ సంగతి ఎత్తలేదు. మేం ఒకే ఇంట్లోనే ఉన్నాం. కానీ అప్పటి నుంచి నేను ఎక్కడికి వెళుతున్నానన్నా, ఎందుకని ఒకసారి ఎక్కువ అడిగేది. పదకొండేళ్లు అలాగే అడిగింది.

మీ ఉత్తరం తన చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది. "అయితే మీరు నాతో అబద్ధమాడలేదన్నమాట" అని నాతో అంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

మీ మీద నాకు కోపం లేదని రాస్తే అది అబద్ధమవుతుంది. ఉంది. తగ్గడానికి టైము పడుతుంది. ఒక్క కోరిక. ఆ ఉత్తరం మా ఆవిడ దాచుకుంది, అడిగినా ఇవ్వనంటోంది. కౌంటరు వాళ్లకు చూపించడానికి నాకు ఇంకొకటి కావాలి. జిరాక్సు పంపకండి. మళ్లీ మీ చేత్తో రాసి పంపండి.'

వీసాక్క తెల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టుకుంది. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుని, మొదటి వాక్యం నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా పెన్నుల డబ్బా చప్పుడు చేయలేదు.